సవర కొండల్లో సేవకు వెళ్తున్న తమ్ముడు: వారమంతా ఏం చేస్తాడు? (గుణుపూర్, పుట్టాసింగ్ వైపు తెలిసినవాళ్ళు చెప్పండి)

గోదారి_అక్క | 6 జూలై, రాత్రి 9:12

అందరికీ వందనాలు. మాది నరసాపురం దగ్గర పల్లె. మా తమ్ముడు డిగ్రీ అయ్యాక బైబిల్ ట్రైనింగ్ చేశాడు. వచ్చే నెల సంఘం వాళ్ళు వాడిని ఒడిశా రాయగడ జిల్లాలో, గుణుపూర్ పైనున్న కొండ ఊళ్ళకి పంపుతున్నారు. రెండేళ్ళ సేవ. వాడికి ఒడియా రాదు, సవర భాష సంగతి చెప్పక్కర్లేదు. ఇంట్లో మంచినీళ్ళ గ్లాసు కూడా ఎవరో ఒకరు అందించాల్సిందే.

ఆదివారం ఆరాధన ఉంటుందని మా అమ్మకీ తెలుసు. మిగతా ఆరు రోజులు ఏం చేస్తాడే, ఏం తింటాడే అని రోజూ నన్ను పట్టుకుంటోంది. నా దగ్గర జవాబు లేదు. అక్కడ ఉన్నవాళ్ళు, ఉండి వచ్చినవాళ్ళు చెప్పండి. మతం మీద గొడవలు మాత్రం ఇక్కడ వద్దు, దయచేసి.

---

పర్లాకిమిడి_మాస్టారు | 6 జూలై, రాత్రి 10:40

అమ్మా, ముందు ఊరి సంగతి. గుణుపూర్ వంశధార ఒడ్డున ఉంది. మన శ్రీకాకుళం జిల్లా నౌపడ నుంచి పర్లాకిమిడి మీదుగా 90 కిలోమీటర్ల రైలు మార్గం అక్కడితో ఆగిపోతుంది. 1900లో పర్లాకిమిడి రాజావారు వేయించిన చిన్న రైలు అది, తర్వాత గుణుపూర్ దాకా పొడిగించారు, ఇప్పుడు బ్రాడ్‌గేజ్. బజారులో తెలుగు మాట్లాడేవాళ్ళు కావలసినంతమంది. 1936 ఏప్రిల్ 1న ఒడిశా ఏర్పడినప్పుడు ఈ వైపంతా అటు కలిసింది గానీ, బేరాలూ పెళ్ళిళ్ళూ పాత దారినే నడుస్తున్నాయి. కాబట్టి మీ అమ్మగారిని బెంగపడొద్దనండి, రైలు దిగినచోట పరాయిగా ఉండదు. పరాయితనం అంతా కొండెక్కాకే.

---

కొండబాట | 7 జూలై, సాయంత్రం 6:05

అక్కా, వందనాలు. నేను అక్కడే ఉన్నాను, మీ తమ్ముడు వెళ్ళే చోటికి రెండు కొండలు అవతల. మాది తుని వైపు. సిగ్నల్ ఉన్నప్పుడు ఒకేసారి రాసేస్తున్నాను, పొడుగైతే ఏమనుకోకండి.

వారం ఆదివారంతో మొదలవుతుందని నేనూ అనుకునే వచ్చాను. ఇక్కడ వారం సంతతో మొదలవుతుంది. మా దగ్గరి సంత మంగళవారం. ఎవరు ఎప్పుడు ఊళ్ళో ఉంటారు, ఎవరు అప్పు తీర్చారు, ఎవరి బిడ్డకి జ్వరం, ఏ ఊరికీ ఏ ఊరికీ మాటల్లేవు, అన్నీ అక్కడే తెలుస్తాయి. గుడి (చర్చి) కట్టిన ఊళ్ళో కూడా మనిషిని కొలిచేది సంతలోనే.

సోమవారం నాకు సెలవు. బట్టలు ఉతకడం, కట్టెలు తెచ్చుకోవడం, ఊరి పైన ఊటబావి నుంచి దిగే పైపులో ఆకులు అడ్డుపడితే తీయడం. ఆ పైపుకి మోటారు లేదు, నీళ్ళు పల్లానికి వాటంతట అవే వస్తాయి. మధ్యాహ్నం గట్టెక్కి ఇంటికి ఫోన్. అక్కా, వాడు సోమవారం ఫోన్ చేయకపోతే కంగారు పడకండి. వానైతే టవర్ పనిచేయదు.

మంగళవారం గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. తెల్లారకముందే జనం తలల మీద బుట్టలతో దిగుతారు. ఈ నెలల్లో అనాసపళ్ళు, పనస, పచ్చిమొక్కజొన్న. మాఘం తర్వాత కొండ చీపుర్లు, పసుపు, చింతపండు. సంతలోకి వచ్చేలోపే దారి మలుపుల్లో దళారులు బుట్ట దించేస్తారు. అక్కడే బేరం, అక్కడే తూకం. చింతపండు రోజుల్లో ఒక ముసలామె బుట్ట దింపి, కాటా వైపు చూడకుండా నా మొహం చూసింది. కాటా కొక్కేనికి తగిలించి ఉంది. కొనేవాడి బొటనవేలు బుట్ట అంచు కింద ఆనీ ఆననట్టు ఉంది. నేను ఒక్క అడుగు దగ్గరికి వెళ్ళి ముల్లు ఎక్కడుందో సవరలో గట్టిగా చదివాను, అంతే. వేలు తీసేశాడు. ముల్లు కదిలింది. మళ్ళీ చదివాను. ఆమె తన వేళ్ళ మీద పన్నెండుల చొప్పున లెక్క కట్టుకుంది (వాళ్ళ లెక్క పన్నెండుతోనూ ఇరవైతోనూ నడుస్తుంది, మనలా పదులతో కాదు), డబ్బు తీసుకుని వెళ్ళిపోయింది. థాంక్స్ గీంక్స్ ఏమీ లేదు.

ఆ తర్వాతి వారం నుంచి బుట్టలు నా దగ్గర ఆగడం మొదలైంది. గుణుపూర్‌కి జీపులో చోటు దొరకడం కూడా అప్పటి నుంచే మానేసింది. మా ఊరి సంఘపెద్ద, డెబ్బై దాటినాయన, ఒక్కటే చెప్పాడు: "అంకె చదువు. బేరం మాట్లాడకు." ఇప్పటికీ అదే పాటిస్తున్నా.

బుధ, గురువారాలు పగలు ఊరు ఖాళీ. ఈ నెలలో నాట్లు. సవరవాళ్ళ మెట్టు పొలాలు మీరు చూడాలి అక్కా. కొండవాలునంతా రాళ్ళు పేర్చి గట్లు కట్టి, పై మడి నిండాక కింది మడిలోకి నీళ్ళు దిగేలా చేస్తారు, సిమెంటు ముక్క కూడా వాడరు. పొలానికి పోకుండా ఇంట్లో కూర్చుంటే మాట్లాడటానికి మనిషి ఉండడు. అందుకే నాటుకి పోతాను. నా వరస వంకర, ఆడవాళ్ళు వెనకొచ్చి సరిచేసుకుంటారు. భాష వచ్చింది ఆ బురదలోనే. సాయంత్రం పిల్లలకి లెక్కలు, ఒడియా అక్షరాలు. నేనూ వాళ్ళతోపాటే ఒడియా నేర్చుకున్నా.

శుక్రవారం ఇంకో ఊరికి నడక. శనివారం కుర్రాళ్ళ పాటల ప్రాక్టీసు, ఆఫీసుకి రిపోర్టు. ఆదివారం వాక్యం చెప్పేది నేను కాదు, ఆ సంఘపెద్దే, సవరలో. మొదటి ఆరు నెలలు నేను ప్రార్థన కూడా లోలోపలే చేసుకున్నా. మీ తమ్ముడు ఎక్కగానే ప్రసంగం చేయాలని నోట్సు తీసుకెళ్తుంటే ఆ పుస్తకం అక్కడే దాచమనండి, పొయ్యి రాజేయడానికి పనికొస్తుంది.

తిండి: చోడి అంబలి, అన్నం, కందిపప్పు, ఆకుకూర, ఎండుచేప. ఆకలితో ఎవరూ ఉంచరు.

---

గోదారి_అక్క | 7 జూలై, రాత్రి 8:30

బాబూ, అమ్మకి చదివి వినిపించాను. చోడి అంబలి దగ్గర ఒకసారి, నాట్ల దగ్గర ఒకసారి ఆగింది. "మన పొలంలో ఒక్కనాడు దిగనోడు అక్కడ నాటేస్తాడా" అని నవ్వుతోంది. చాలా రోజుల తర్వాత నవ్వింది.

---

గుణుపూర్_కొట్టు | 8 జూలై, ఉదయం 7:15

ఏటండీ కొండబాట బావూ, మీ తూకం కథ బాగుంది. మా తరఫున కూడా ఒక్క మాట ఇనండి. మా తాతల కాడి నుండి గుణుపూర్లో చింతపండు, చీపుర్ల యాపారం మాది. కొండ మీద కొన్న చింతపండులో గింజెంత, ఈనెంత, తడెంత ఉంటాదో మీకు తెల్దు. ఎండబెట్టీసరికి తరుగు ఎవుడు మొయ్యాల? పార్వతీపురం దాకా బండి బాడుగ ఎవుడిత్తాడు? వానల్లో గింజలు లేనప్పుడు ఆళ్ళకి బియ్యం, ఉప్పు, కిరసనాయిలు అప్పిచ్చింది ఎవులు? మీ సంఘమా?

బొటనేలు ఎట్టీవోడు లేడని నేననను. ఉన్నాడు. కానీ అందరం ఆడే అన్నట్టు రాయకండి.

అక్కయ్యగారూ, మీ తమ్ముణ్ణి రైలు దిగీసాక స్టేషను రోడ్లో కిరాణా కొట్టు ఏదని అడగమనండి. మా ఆవిడ అన్నం ఎట్టి పంపిస్తాది. మేం కొండెక్కం, కొండ దిగీవోల్ని మాత్రం పస్తు పంపం.

---

కొండబాట | 8 జూలై, సాయంత్రం 5:50

షావుకారు గారూ, అందర్నీ అనలేదు. తరుగు సంగతి ఒప్పుకుంటాను, తరుగు ధరలో తగ్గించండి, ముల్లులో కాదు. అప్పు సంగతి కూడా నిజమే, వానాకాలం బియ్యం మీ బజారు నుంచే వస్తుంది. ఆ బియ్యానికి బదులుగా చింతచెట్టు మీద పూత ఉండగానే కాయ మీదైపోవడం కూడా నిజమే కదండీ.

---

గుణుపూర్_కొట్టు | 8 జూలై, రాత్రి 9:00

అది మా నాన్న కాలంలో. ఇప్పుడు తగ్గిపోనాది. పూర్తిగా పోలేదు.

---

పర్లాకిమిడి_మాస్టారు | 9 జూలై, ఉదయం 11:20

కొండ మీది మనిషికి దిగువ మనిషి అంటే మూడే రకాలు: కొనడానికి వచ్చేవాడు, వసూలుకి వచ్చేవాడు, అడవి గార్డు. కొత్తగా వచ్చిన కుర్రాడు మూడింట్లో ఏదో వాళ్ళు తేల్చుకోవాలి. అందుకు ఏడాది పడుతుంది. ఆ ఏడాది ఓర్చుకోలేకే చాలామంది దిగొచ్చేస్తారు.

భాష విషయంలో ఒక పేరు చెప్పకుండా ఉండలేను. గిడుగు రామమూర్తి పంతులు గారు. వ్యావహారిక భాష అనగానే ఆయన పేరు చెప్తాం, ఆగస్టు 29న భాషా దినోత్సవం చేస్తాం. ఆయన మా పర్లాకిమిడి బడిలో పంతులు. సవర తెలిసిన మనిషిని ఇంట్లో పెట్టుకుని నేర్చుకున్నారు, సవర పిల్లలకి బళ్ళు పెట్టారు, వాచకాలు రాశారు, 1931లో సవర వ్యాకరణం అచ్చయింది. మత ప్రచారం ఆయన పని కాదు. అయినా కొండ మీద తెలుగువాడికి ఇంత మర్యాద మిగిలిందంటే అందులో ఆయన వాటా ఉంది. మీ తమ్ముడికి సవర నేర్పే మనిషి ఎవరో ముందే అడిగి ఉంచండి. ఆ మనిషికి జీతం ఇవ్వాలి, ఊరికే నేర్పించుకోకూడదు.

సవర తెలుగుకీ ఒడియాకీ చుట్టం కాదు. ముండా కుటుంబం. సంతాలీ, ముండారీ కూడా ఆ కుటుంబమే. మాట మధ్యలో గొంతు ఠక్కున పట్టి వదిలేసే ఒక ధ్వని ఉంది, అది రానంతకాలం పిల్లలు నవ్వుతారు. నవ్వనివ్వమనండి.

---

సూటిమాట | 9 జూలై, రాత్రి 10:05

గొడవ వద్దన్నారు కాబట్టి మర్యాదగానే అడుగుతాను. తూకాలు చదవడం, లెక్కలు చెప్పడం, నాట్లు వేయడం అన్నీ మంచివే. ఇవన్నీ చేసేది చివరికి ఎందుకు? మతం మార్చడానికే కదా? సవరవాళ్ళకి వాళ్ళ దేవతలున్నారు, గోడ మీద బొమ్మలున్నాయి, చనిపోయినవాళ్ళతో మాట్లాడే పద్ధతులున్నాయి. ఇవి పోతుంటే మీకు బాధ లేదా? ప్రభుత్వం, స్వచ్ఛంద సంస్థలు చేయలేవా ఆ తూకం పని?

---

బరంపురం_వకీలు | 10 జూలై, ఉదయం 8:45

చట్టం వరకే చెప్తాను. దేశంలో స్వాతంత్ర్యం వచ్చాక మతం మార్పిడి మీద చట్టం మొదట తెచ్చింది ఒడిశాయే, 1967లో. బలవంతంతోగానీ, ప్రలోభంతోగానీ, మోసంతోగానీ మతం మార్చకూడదు. మామూలుగా ఏడాది వరకు జైలు, 5,000 వరకు జరిమానా. మార్చినది మైనరునో, మహిళనో, ఎస్సీ, ఎస్టీ వ్యక్తినో అయితే రెండేళ్ళు, 10,000. హైకోర్టు దాన్ని కొట్టేసింది, 1977లో సుప్రీంకోర్టు నిలబెట్టింది. తన మతాన్ని ప్రచారం చేసుకునే హక్కు 25వ అధికరణం ఇచ్చింది గానీ, అవతలి మనిషిని మతం మార్చే హక్కు అందులో లేదని ఆ తీర్పు సారం. 1989 నియమాల ప్రకారం మతం మార్పు కార్యక్రమం ఉంటే జరిపించే పాస్టరు 15 రోజుల ముందు కలెక్టరుకి తెలియజేయాలి.

తమ్ముడికి నా సలహా: ఎవరికీ డబ్బు, బియ్యం, మందులు ప్రార్థనతో ముడిపెట్టి ఇవ్వకూడదు. మందు ఇచ్చిన రోజు ప్రార్థన మాట ఎత్తకూడదు. బాప్తిస్మాలు స్థానిక కాపరి చూసుకుంటాడు, కాగితాలు కూడా అతనివే. ఆధార్, సంఘం ఇచ్చిన లెటరు ఎప్పుడూ సంచిలో ఉండాలి. ఎక్కగానే సర్పంచ్‌నీ, పోలీస్ స్టేషన్‌నీ పలకరించడం మంచిది. పక్కనే కందమాల్, 2008 అల్లర్లు ఈ వైపు ఇంకా ఎవరూ మర్చిపోలేదు.

---

కొండబాట | 10 జూలై, సాయంత్రం 6:30

సూటిమాట గారూ, దాపరికం ఎందుకు, నేను నమ్మింది చెప్పాలనే వచ్చాను. అడిగినవాళ్ళకి చెప్తాను. కానీ మీరు ఊహించుకున్నట్టు నేను వెళ్ళి ఊళ్ళని మార్చేంత లేదు ఇక్కడ. కెనడా బాప్టిస్టులు పర్లాకిమిడి నుంచి కొండలెక్కి తరాలు గడిచాయి. కోరాపుట్ వైపు జర్మనీ నుంచి బ్రెక్లుమ్ మిషన్ వాళ్ళు 1882లోనే వచ్చారు, మన సాలూరు, పార్వతీపురం కూడా వాళ్ళ స్టేషన్లే. పక్కనున్న గజపతి జిల్లాలో 2011 లెక్కల్లోనే మూడో వంతు పైన క్రైస్తవులు. నేను ఎక్కేసరికే గుడి ఉంది, పెద్ద ఉన్నాడు, సవర బైబిలు ఉంది, నాకంటే బాగా పాడే కుర్రాళ్ళు ఉన్నారు. నేను వాళ్ళ దగ్గర పనిచేస్తున్న కుర్రాణ్ణి, అంతే.

ఇక ప్రభుత్వం ఎందుకు చేయదంటే, తూనికల ఇన్‌స్పెక్టరు మంగళవారం పొద్దున్నే ఆ మలుపు దగ్గర నిలబడడు కాబట్టి.

---

సీతంపేట_కుర్రోడు | 11 జూలై, రాత్రి 11:50

రెండు రోజులుగా చదువుతున్నా. నేను సవరోణ్ణి. మాది సీతంపేట వైపు, పార్వతీపురం మన్యం జిల్లా. మా అమ్మమ్మది పుట్టాసింగ్ వైపు. ఒకాయన మమ్మల్ని కాపాడతానంటాడు, ఇంకొకాయన మా సంస్కృతిని కాపాడతానంటాడు. మేం చదువుతున్నామని ఎవరికైనా తోచిందా?

మా అమ్మమ్మ చివరిదాకా సొనుంలకే (చచ్చిపోయిన పెద్దోళ్ళ ఆత్మలు, మా దేవతలు) మొక్కింది. మా మేనమామ బాప్తిస్మం తీసుకున్నాడు. ఎందుకని అడిగితే దేవుడి గురించి ఏమీ చెప్పలేదు. ఇంట్లో చావు వస్తే కర్మకి గేదెలు కొయ్యాలి, ఊరందరికీ కల్లు పొయ్యాలి, దానికి షావుకారు దగ్గర అప్పు, ఆ అప్పుకి చింతచెట్టు. ఆ గొలుసు తెంచుకోవాలనుకున్నాడు, తెంచుకున్నాడు. ఇప్పుడు గేదెల అప్పు లేదు. అమ్మమ్మ చచ్చిపోయినప్పుడు రాయి పాతలేదని మా అమ్మ మాత్రం అన్నతో ఇప్పటికీ సరిగ్గా మాట్లాడదు. రెండూ నిజమే. నాకు రెండూ కావాలి, రెండూ వద్దు కూడా.

ఇంకో సంగతి. మాలో మూడో దారి కూడా ఉంది. 1936లో మంగే గొమాంగో గారు మా భాషకి సొంత లిపి చేశారు, సొరాంగ్ సొంపెంగ్. దాన్ని అక్షర బ్రహ్మ అని పూజించే ఊళ్ళున్నాయి. ఆళ్ళు మాంసం, కల్లు ముట్టరు. గుడికెళ్ళేవాళ్ళు రోమన్ అక్షరాల్లో చదువుతారు, బడిలో ఒడియా, ఆంధ్రాలో మేం తెలుగు అక్షరాల్లో రాసుకుంటాం. ఒకే భాష, నాలుగు రాతలు. మీ తమ్ముడు ఏ ఊళ్ళో ఏ అక్షరం బయటికి తీస్తున్నాడో చూసుకోమనండి, దాన్ని బట్టే ఆయన ఎవరి మనిషో అనుకుంటారు.

గోదారక్కా, మీ తమ్ముడికి నా తరఫున ఇవి చెప్పండి. ఊరి చివర నిలువు రాళ్ళుంటాయి, అవి మా పెద్దోళ్ళు. వాటి మీద కూర్చోవద్దు, బట్టలారేయొద్దు. ఇంటి లోపల ఎర్రమట్టి గోడ మీద బియ్యప్పిండితో వేసిన బొమ్మ కనిపిస్తే ఫోన్ తీయొద్దు, అది అలంకారం కాదు, ఎవరి కోసమో వేసింది. జీలుగు కల్లు ఇస్తే తాగకపోయినా పర్లేదు, మొహం చిట్లించొద్దు. "వద్దు మావా" అంటే చాలు.

---

సూటిమాట | 12 జూలై, ఉదయం 9:20

తమ్ముడూ, మీరు రాసింది చదివాక నా ప్రశ్న ఎవర్ని అడగాలో అర్థమైంది. మిమ్మల్నే అడిగి ఉండాల్సింది. లిపి సంగతి నాకు తెలియదు.

---

సీతంపేట_కుర్రోడు | 12 జూలై, ఉదయం 9:41

పర్లేదన్నా. మా వాళ్ళలోనే సగం మందికి తెలియదు.

---

నర్సమ్మ_పార్వతీపురం | 13 జూలై, మధ్యాహ్నం 2:10

దేవుడి సంగతులు మీరు చూసుకోండి, జ్వరం సంగతి నేను చెప్తాను. ఇరవై ఏళ్ళకి పైగా ఏజెన్సీలో పనిచేశాను. ఒకప్పుడు దేశం మొత్తం మలేరియా కేసుల్లో ఒక్క ఒడిశాదే పెద్ద వాటా. ఆ ప్రభుత్వం దమన్ అని ఒక కార్యక్రమం పెట్టి, మారుమూల ఊళ్ళలో జ్వరం ఉన్నా లేకపోయినా అందరికీ రక్తపరీక్ష చేసి మందులిచ్చింది, మందు పూసిన దోమతెరలు పంచింది. బాగా తగ్గింది. తగ్గిందంటే లేదని కాదు. వానల్లోనూ, చలి మొదట్లోనూ జాగ్రత్త.

మైదానం నుంచి వెళ్ళేవాళ్ళే ఎక్కువ పడిపోతారు. కొండ మీద పుట్టి పెరిగినవాళ్ళ ఒంటికి కొంత అలవాటు ఉంటుంది, వీళ్ళకి ఉండదు. ఫాల్సిపారం అనే రకం రెండు మూడు రోజుల్లో మెదడుకి ఎక్కేస్తుంది. కాబట్టి: జ్వరం వచ్చిన రోజే ఆశా కార్యకర్త దగ్గరికి వెళ్ళి వేలు గుచ్చి పరీక్ష చేయించుకోవాలి. ఆమె దగ్గర కిట్ ఉంటుంది, ఉచితం. పాజిటివ్ వస్తే ఇచ్చిన మాత్రలు మూడు రోజులూ పూర్తిగా మింగాలి, రెండో రోజు తగ్గింది కదా అని ఆపకూడదు. వైవాక్స్ అనే ఇంకో రకం అయితే వేరే మాత్ర 14 రోజులు, దాన్నే అందరూ మధ్యలో వదిలేస్తారు, మళ్ళీ జ్వరం వస్తుంది. వాంతులు, మగత, కళ్ళు పచ్చబడటం ఉంటే మాత్రల మాట అటుంచి జీపెక్కించి గుణుపూర్ ఆసుపత్రికి.

ప్రార్థన చేసుకోండి, నేనూ చేస్తాను. ముందు పరీక్ష.

ఇంకొకటి. ఊళ్ళో ఎవరికైనా జ్వరమొస్తే మీవాడు సొంతంగా మాత్రలు పంచకూడదు. ఆశా ఉంది, ఆమె పని ఆమెని చేయనివ్వాలి. ఆమెని పక్కకి తోసి మంచి పేరు తెచ్చుకున్న కుర్రాళ్ళని చూశాను. వాళ్ళు వెళ్ళిపోయాక ఆమె మాట ఎవరూ వినరు.

---

కొండబాట | 13 జూలై, సాయంత్రం 7:00

నర్సమ్మ గారూ, చివరి మాట బంగారం.

---

వంశధార_వాసి | 14 జూలై, ఉదయం 6:30

ఆడపిల్లల సంగతి ఎవరూ ఎత్తలేదు. మా చెల్లెలు గజపతి జిల్లాలో మోహన వైపు ఇలాంటి సేవలోనే ఉంది. ఒంటరిగా పెట్టరు, ఇద్దరు కలిసే ఉండాలి, చీకటి పడ్డాక ఊరు దాటకూడదని నియమం. దాని వారం కొండబాట గారి వారంలా ఉండదు. ఆడవాళ్ళ దగ్గర కూర్చోవడమే దాని పని. అడ్డాకులు కుట్టేటప్పుడు, చోళ్ళు దంచేటప్పుడు, పురిటి ఇళ్ళలో. సంతలో తూకం చదివితే దాన్ని మాత్రం బెదిరించారు, మానేసింది. దాని బదులు ఆడవాళ్ళకే కాటా చదవడం నేర్పుతోంది. చిన్న స్ప్రింగ్ కాటా ఒకటి కొనిపెట్టింది, ఇంటి దగ్గరే తూచుకుని దిగుతారు. నాకు ఇదే మంచి పద్ధతి అనిపిస్తోంది, కొండబాట గారు ఏమంటారో మరి.

2018 అక్టోబరు 11న తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది గుర్తుందా? గజపతిలో కొండచరియలు విరిగి ఊళ్ళే పోయాయి. వానాకాలంలో కొండవాలు కింద గది తీసుకోవద్దని అబ్బాయికి చెప్పండి. అద్దె తక్కువని అక్కడే ఇస్తారు.

---

కొండబాట | 14 జూలై, సాయంత్రం 5:40

ఏమంటానంటే, మీ చెల్లిగారు నాకంటే ముందున్నారు. నేను దిగిపోతే ముల్లు చదివేవాడు ఉండడు. ఆ ఆడవాళ్ళకి ఆవిడ దిగిపోయినా కాటా ఉంటుంది. షావుకారు గారూ, స్ప్రింగ్ కాటాలు మీ కొట్లో ఉన్నాయా?

---

గుణుపూర్_కొట్టు | 14 జూలై, రాత్రి 8:15

నా మెడకే ఉరి నన్నే పేనమంటారేటి బావూ. ఉన్నాయి. పాతిక కేజీలది. రండి, కొన్న రేటుకే ఇత్తాను. పంచాయితీ మాత్రం నా కొట్టు కాడ ఎట్టకండి.

---

నిర్వాహకుడు | 15 జూలై, ఉదయం 10:00

ఈ చర్చలో మతాన్ని తిడుతూ వచ్చిన రెండు సందేశాలు తీసేశాం. మిగతావాళ్ళు కొనసాగించండి.

---

చిన్నోడు_నరసాపురం | 2 సెప్టెంబరు, మధ్యాహ్నం 1:25

అందరికీ వందనాలు. గోదారి అక్క తమ్ముణ్ణి. ఎక్కాను. ఇది గట్టు మీద నుంచి రాస్తున్నా, బ్యాటరీ తక్కువ.

గుణుపూర్ కొట్టు వాళ్ళింట్లో అన్నం తిన్నాను, పెద్దమ్మ వెళ్ళేటప్పుడు చింతకాయ పచ్చడి కట్టిచ్చింది. సవర నేర్పేది ఊళ్ళో పదో తరగతి ఆపేసిన అబ్బాయి, నాకంటే చిన్నవాడు, జీతం మాట్లాడుకున్నాం. మాస్టారు చెప్పిన ఆ గొంతు ధ్వని ఇంకా రాలేదు. పిల్లలు నా చేత కావాలని అదే మాట పదేపదే అనిపిస్తున్నారు. ప్రసంగాల నోట్సు మడత విప్పలేదు. పొయ్యిలో కూడా వేయలేదు, కొండబాట అన్నా.

అడగాల్సింది ఒకటే. ఈ వారం సంతకి మా సంఘపెద్ద వెళ్ళొద్దన్నాడు. దారిలో ఏదో గొడవైందట. వెళ్ళకపోతే భయపడ్డాననుకుంటారు, వెళ్తే ఆయన మాట కాదన్నట్టు అవుతుంది. ఏం చేయాలి?

---

కొండబాట | 2 సెప్టెంబరు, సాయంత్రం 6:10

వెళ్ళొద్దన్నది ఆయన. ఆగు. గొడవ ఎవరిదో ఆయనకి తెలుసు, నీకు తెలియదు. నీ గురించి ఏమనుకుంటారన్నది వచ్చే మంగళవారం చూసుకోవచ్చు.

---

సీతంపేట_కుర్రోడు | 2 సెప్టెంబరు, రాత్రి 7:55

వెళ్ళకపోయినా ఊళ్ళో పడుకోకు. ఆయనతో పొలానికి పో. సంతరోజు పొలానికి పోయినోడిని భయపడ్డాడని ఎవరూ అనరు, పనుందనుకుంటారు. ఇప్పుడు మెట్టు పొలాల్లో కలుపు.

---

గోదారి_అక్క | 2 సెప్టెంబరు, రాత్రి 9:30

ఒరేయ్, దోమతెర కట్టుకుంటున్నావా లేదా? అది రాయలేదే. అమ్మ అడుగుతోంది.

---

చిన్నోడు_నరసాపురం | 8 సెప్టెంబరు, మధ్యాహ్నం 12:50

కట్టుకుంటున్నానే అక్కా. సంతకి వెళ్ళలేదు, కలుపుకి వెళ్ళాను. షావుకారు గారూ, ఇంటి పైకప్పు కారుతోంది, టార్పాలిన్ ఉందా మీ దగ్గర? జీపులో వేసి పంపగలరా?

---

గుణుపూర్_కొట్టు | 8 సెప్టెంబరు, సాయంత్రం 4:20

పన్నెండు పదిహేను సైజుది ఉంది బావూ, నీలం రంగుది. బుధవారం జీపులో ఏసీస్తాను. డబ్బులు దిగినప్పుడు ఇద్దువుగాని. అంచులకి రాళ్ళు కట్టు, మేకులు కొట్టకు, చిరిగిపోతాది.